ఊళ్ల హద్దులు సింప్లిఫై చేసేటప్పుడు మధ్యలో సందులు రాకుండా చూసుకోవడం ఎలా?

నల్లగొండ జిల్లా గ్రామ హద్దుల ఫైల్ బరువుగా ఉందని సింప్లిఫై (హద్దు గీతలోని బిందువులు తగ్గించే టూల్) నొక్కుతారు. ఫైల్ తగ్గుతుంది. జూమ్ చేసి చూస్తే ఊరికీ ఊరికీ మధ్య తెల్లటి సందులు, ఇంకోచోట ఒక ఊరు పక్క ఊరి మీదికి ఎక్కి ఉంటుంది. టాలరెన్స్ (ఎంత చిన్న వంపు దాకా తీసేయాలో చెప్పే పరిమితి) తగ్గిస్తే సందులు సన్నబడతాయేగానీ పోవు.

సింప్లిఫై అనేది చివర్లో రెండు నిమిషాల పని. సందు రాకుండా చూసుకునే పనంతా అంతకుముందే ఉంటుంది. కింద చెప్పిన వరుస మార్చకండి. వరుస తప్పితే ముందు సరిచేసిందే మళ్లీ చెడుతుంది.

## 1. సందు ఎలా పుడుతుంది

రెండు చేన్ల మధ్య గెట్టు ఒక్కటే. కంప్యూటర్ ఫైల్‌లో మాత్రం అదే గెట్టు రెండుసార్లు రాసి ఉంటుంది, ఈ ఊరి పాలిగన్‌లో (ఊరి చుట్టూ గీసిన మూసిన ఆకారంలో) ఒకసారి, పక్క ఊరి పాలిగన్‌లో ఇంకోసారి. మామూలు సింప్లిఫై టూల్ ఒక్కో పాలిగన్‌ను విడిగా తీసుకుని కోస్తుంది. పక్కన ఇంకొకరున్నారన్న సంగతే దానికి తెలియదు.

లెక్కేసి చూద్దాం. రెండు ఊళ్ల ఉమ్మడి హద్దు క నుంచి ట వరకు 1,200 మీటర్లు. మధ్యలో చ అనే బిందువు దగ్గర హద్దు 40 మీటర్లు పక్కకు వంగింది. టాలరెన్స్ 50 మీటర్లు. మొదటి ఊరికి చ మామూలు బిందువే, 40 అంటే 50 కన్నా తక్కువ కాబట్టి తీసేస్తుంది, క–ట తిన్నటి గీత అవుతుంది. రెండో ఊరి పాలిగన్ గీత మొదలయ్యేదే చ దగ్గర అనుకోండి. మామూలు టూల్ వాడే డగ్లస్–ప్యూకర్ పద్ధతిలో (గీతకు టాలరెన్స్ కన్నా దగ్గరున్న బిందువులను తీసేసే పద్ధతి) మొదటి బిందువును తీసేయరు. అక్కడ క–చ–ట అలాగే ఉంటుంది.

మధ్యలో మిగిలిన త్రికోణం 24,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 5 ఎకరాల 37 గుంటలు. వంపు రెండో ఊరివైపు ఉంటే ఆ నేల ఎవరికీ చెందని సందు అవుతుంది. మొదటి ఊరివైపు ఉంటే ఇద్దరి లెక్కలోనూ పడుతుంది. ఇక్కడ టాలరెన్స్ 45 పెట్టినా జరిగేది ఇదే.

కాబట్టి కావాల్సినవి రెండు. రెండు పాలిగన్లలోనూ ఉమ్మడి హద్దు బిందువు బిందువుకూ ఒకేలా ఉండాలి. ఆ హద్దును ఒకే గీతగా భావించి ఒక్కసారే కోసే టూల్ వాడాలి.

## 2. టాలరెన్స్ ముందే తేల్చుకోండి

స్లయిడర్ జరుపుతూ కంటికి బాగున్నచోట ఆపడం పద్ధతి కాదు. మ్యాప్ ఎక్కడ చూపిస్తారో దాన్నిబట్టి లెక్క వేయండి.

వెబ్ మ్యాప్ అయితే మన అక్షాంశం దగ్గర, అంటే సుమారు 17 డిగ్రీల వద్ద, ఒక పిక్సెల్ నేలమీద ఇంత:

- జూమ్ 8: సుమారు 585 మీటర్లు
- జూమ్ 10: సుమారు 146 మీటర్లు
- జూమ్ 12: సుమారు 37 మీటర్లు

చూపించబోయే అతి దగ్గరి జూమ్‌లో సగం పిక్సెల్ మొదటి అంచనా. జూమ్ 10 దాకే అయితే 70 మీటర్లతో మొదలుపెట్టండి. అచ్చు మ్యాప్ అయితే కాగితం మీద 0.3 మిల్లీమీటర్లను స్కేల్‌తో గుణించండి. 1:2,50,000 మ్యాప్‌కు 75 మీటర్లు వస్తుంది.

ఇలా కోసిన హద్దు చూపించడానికే. గెట్టు పంచాయితీకి ఇది పనికిరాదు, దానికి గ్రామ నక్ష, టిప్పన్, సర్వేయర్ కొలత ఉన్నాయి. ఫైల్ పేరులోనే ‘ప్రదర్శనకు మాత్రమే, 70 మీ.’ అని పెట్టేస్తే తర్వాత ఎవరూ పొరబడరు.

## 3. ఫైల్ సిద్ధం చేయడం

ఏ కాలపు హద్దులో చూడండి. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. అదే రోజు పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వేరైంది. ఒక జిల్లా కొత్త ఫైల్‌లోంచి, పక్క జిల్లా పాత ఫైల్‌లోంచి తెచ్చి కలిపితే వచ్చే ఖాళీలు స్నాప్ చేస్తే (దగ్గర్లోని గీతలను ఒకదానికొకటి అతికిస్తే) పోయేవి కావు. అన్నీ ఒకే చోటి నుంచి, ఒకే కాలానివి తెచ్చుకోండి.

అన్నిటికన్నా కింది స్థాయి ఒక్కటే ఉంచుకోండి. గ్రామాలు, మండలాలు, జిల్లాలు మూడు ఫైళ్లుగా ఉంటే మూడింటినీ విడివిడిగా సింప్లిఫై చేయకండి. గ్రామాల ఫైల్ ఒక్కటే సింప్లిఫై చేసి, దాన్నుంచి డిసాల్వ్‌తో (లోపలి హద్దులు చెరిపి పాలిగన్లను కలిపే టూల్) మండలాలు, మండలాల నుంచి జిల్లాలు తయారు చేసుకోండి. అప్పుడు మండల గీత గ్రామ గీత మీదే కూర్చుంటుంది.

మీటర్లలోకి మార్చండి. ఫైల్ డిగ్రీల్లో ఉంటే 70 అని ఇచ్చినప్పుడు టూల్ దాన్ని 70 డిగ్రీలనుకుంటుంది, జిల్లా మొత్తం నలిగిపోతుంది. పైగా మన దగ్గర ఒక డిగ్రీ ఉత్తర–దక్షిణంగా సుమారు 110.7 కిలోమీటర్లు, తూర్పు–పడమరగా 106.5 కిలోమీటర్లు. రెండు దిక్కులా ఒకే కొలత కాదు.

మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీస్తుంది. ఇక్కడ పాలమూరు వాళ్లకు ఒక చిక్కు ఉంది. 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణం పక్కనుంచే పోతుంది. నారాయణపేట, మక్తల్, గద్వాల 43లో పడతాయి. నాగర్‌కర్నూల్, నల్లగొండ 44లో. అలాగని సగం ఊళ్లను ఒక జోన్‌లో, సగాన్ని ఇంకో జోన్‌లో పెట్టకండి. అంతా ఈపీఎస్‌జీ 32644లోనే (44 జోన్ కోడ్) ఉంచండి. నారాయణపేట దగ్గర కొలత తేడా కిలోమీటరుకు మీటరున్నర లోపే, ఈ పనికి అది లెక్కలోకి రాదు.

జియోప్యాకేజ్ అనే ఫైల్ రకంలో దాచండి. పాత రకమైన షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు 10 అక్షరాలకే ఆగిపోతుంది, ఎన్‌కోడింగ్ తప్పితే తెలుగు ఊరి పేర్లు ప్రశ్నార్థకాలవుతాయి.

ముందుకు పోయేముందు ఈ మూడు అంకెలు కాగితం మీద రాసిపెట్టుకోండి. చివర్లో వీటితోనే పని.

- మొత్తం గ్రామాలు ఎన్ని
- అన్ని గ్రామాల విస్తీర్ణాల కూడిక
- అన్నీ డిసాల్వ్ చేశాక వచ్చిన విస్తీర్ణం

## 4. నీళ్లు, అడవి కూడా పాలిగన్లే

నాగార్జునసాగర్ జలాశయం, జూరాల నీటి ముంపు, అమ్రాబాద్ అడవి లాంటి చోట్ల చాలా గ్రామ ఫైళ్లలో ఖాళీ ఉంటుంది. అది తప్పు సందు కాదు, నిజంగానే అక్కడ గ్రామం లేదు. కానీ సందులు పూడ్చే టూల్‌కు ఆ తేడా తెలియదు. పరిమితి పెద్దదిగా ఇస్తే నీళ్లను తీసుకెళ్లి ఒడ్డునున్న ఊళ్లో కలిపేస్తుంది.

అందుకే అలాంటి ప్రతి ఖాళీకీ ‘జలాశయం’, ‘అడవి’ అని పేరు పెట్టి ఒక పాలిగన్ గీయండి. అది కూడా పొరుగుదే అవుతుంది, ఒడ్డు గీత కూడా ఉమ్మడి హద్దులాగే కోతకు వస్తుంది. అక్కర్లేకపోతే చివర్లో తీసేయొచ్చు.

## 5. హద్దులు అతికించడం

ఎక్కువ టైమ్ ఇక్కడే పడుతుంది, పట్టనివ్వండి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో వరుస ఇది.

5.1 ఫిక్స్ జామెట్రీస్. తనను తానే కోసుకున్న గీతలను బాగుచేస్తుంది. ఇది ఒక్కో పాలిగన్‌ను పక్కవాళ్లను చూడకుండా మారుస్తుంది కాబట్టి స్నాప్‌కు ముందే చేయాలి. స్నాప్ తర్వాత చేస్తే అతికించిందంతా మళ్లీ విడిపోవచ్చు.

5.2 ఎక్కడెక్కడ తేడా ఉందో చూడండి. క్యూజీఐఎస్ 3.36, ఆ తర్వాతి వెర్షన్లలో ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ‘వాలిడేట్ కవరేజ్’ ఉంటుంది. గ్యాప్ విడ్త్ మొదట 1 మీటరు, తర్వాత 2, 5, 10 ఇచ్చి ప్రతిసారీ ఎన్ని తప్పు గీతలు వచ్చాయో రాసుకోండి. ఏదో ఒకచోట ఆ సంఖ్య పెరగడం ఆగిపోతుంది. మీ ఫైల్‌లో తప్పు సందుల వెడల్పు అక్కడికే పరిమితమన్నమాట. స్నాప్ దూరం దానికి కొంచెం పైన పెట్టుకోండి.

పాత వెర్షన్ అయితే టోపాలజీ చెకర్ ప్లగిన్‌లో ‘మస్ట్ నాట్ హావ్ గ్యాప్స్’, ‘మస్ట్ నాట్ ఓవర్‌ల్యాప్’ రెండూ పెట్టి నడపండి.

5.3 స్నాప్ జామెట్రీస్ టు లేయర్. ఇన్‌పుట్ లేయర్, రిఫరెన్స్ లేయర్ రెండూ మీ గ్రామాల లేయరే. అవసరమైనచోట కొత్త బిందువులు చేర్చే ఆప్షన్ ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే.

ఎందుకంటే అన్నిటికన్నా మొండి తప్పు మూడు ఊళ్లు కలిసేచోట ఉంటుంది. సర్వేయర్లు ట్రైజంక్షన్ రాయి పాతే చోటు. కింద రెండు ఊళ్ల మధ్య గీత వచ్చి పై ఊరి హద్దును తాకుతుంది. కింది రెండింటికీ అక్కడ బిందువు ఉంటుంది. పై ఊరికి అక్కడ తిన్నటి గీతే, బిందువు ఉండదు. కంటికి సందే కనపడదు, జూమ్ చేసినా దొరకదు. టూల్ మాత్రం ఆ మూడు హద్దులనూ వేర్వేరు గీతలుగా చదువుతుంది. సింప్లిఫై చేశాక సరిగ్గా అక్కడే చీలుతుంది.

స్నాప్ దూరం ఎంత అన్నదానికి ఒక హద్దు ఉంది. మ్యాప్‌లో అతి సన్నటి నిజమైన పాలిగన్ వెడల్పులో మూడో వంతు దాటకూడదు. 15 మీటర్ల వెడల్పున్న వాగు పాలిగన్ ఉంటే 5 మీటర్లే. దాటితే వాగు రెండు ఒడ్లూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

5.4 మళ్లీ వాలిడేట్. మిగిలినవి పదో ఇరవయ్యో ఉంటే చేత్తోనే సరిచేయండి. స్నాపింగ్ టూల్‌బార్‌లో టోపోలాజికల్ ఎడిటింగ్ ఆన్ చేసి బిందువు జరిపితే, దాన్ని పంచుకున్న ఊళ్లన్నీ కలిసి జరుగుతాయి.

5.5 వందల్లో మిగిలితే అతుకులు మానేసి పాలిగన్లన్నీ మళ్లీ కట్టడమే మేలు:

1. పాలిగన్స్ టు లైన్స్‌తో గీతలుగా మార్చండి.
2. గీతలను డిసాల్వ్ చేయండి. రెండుసార్లున్న గెట్టు ఒక్కటవుతుంది, గీతలు కలిసే ప్రతిచోటా బిందువు పడుతుంది.
3. పాలిగనైజ్ చేయండి.
4. పాత లేయర్ నుంచి పాయింట్ ఆన్ సర్ఫేస్ తీసి, ఊరి పేరు, కోడ్ కొత్త పాలిగన్లకు లొకేషన్ ద్వారా జాయిన్ చేయండి. సెంట్రాయిడ్ వాడొద్దు. వంకీ తిరిగిన ఊరికి సెంట్రాయిడ్ (ఆకారపు నడిబిందువు) పక్క ఊళ్లో పడొచ్చు.
5. పేరు రానివన్నీ పాత సందులే. నిజమైన ఖాళీలకు మీరు ముందే పేరు పెట్టేశారు కదా. వీటిని ఎలిమినేట్ సెలెక్టెడ్ పాలిగన్స్‌లో ‘లార్జెస్ట్ కామన్ బౌండరీ’ ఎంచుకుని పక్క ఊళ్లో కలపండి.

పేరున్న వాటిలోనూ స్లివర్లు (సన్నటి పీలికలు) దాక్కుంటాయి. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో 4 × పై × విస్తీర్ణం ÷ చుట్టుకొలత వర్గం లెక్కించండి. గుండ్రటి ఆకారానికి 1 వస్తుంది. 1,200 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పున్న పీలికకు 0.005 వస్తుంది. చిన్న అంకెల నుంచి వరుసపెట్టి పైనున్నవి కంటితో చూడండి. వాగులు, కాలువలు కూడా అక్కడే కనపడతాయి, వాటిని ముట్టుకోకండి.

## 6. ఇప్పుడు సింప్లిఫై

క్యూజీఐఎస్‌లో: ‘సింప్లిఫై కవరేజ్’ తెరవండి. టాలరెన్స్ 70. ఇది విశ్వలింగం–వయట్ పద్ధతి. ఇక్కడ టాలరెన్స్ అంటే బిందువు గీతకు ఎంత దూరమో కాదు, మూడు వరుస బిందువుల త్రికోణ విస్తీర్ణానికి వర్గమూలం. అంటే 70కి 4,900 చదరపు మీటర్లలోపు త్రికోణాలు పోతాయి. డగ్లస్–ప్యూకర్‌లో 70 ఇచ్చినప్పటి కోత, ఇది ఒకటి కావు. 70తో మొదలుపెట్టి ఫలితం చూసి మార్చుకోండి.

‘ప్రిజర్వ్ బౌండరీ’ అనే గడి గురించి ఆలోచించకుండా ముందుకు పోకండి. నల్లగొండ ఒక్కటే చేసి, రేపు సూర్యాపేట విడిగా చేసి పక్కన పెట్టాలంటే బయటి హద్దును ముట్టుకోకూడదు, అప్పుడు టిక్ పెట్టాలి. కాకపోతే లోపలి గీతలు తేలికై, బయటి గీత మాత్రం పాత వంకరలతో దట్టంగా మిగులుతుంది. అన్ని జిల్లాలనూ ఒకే లేయర్‌గా కలిపి ఒక్కసారి కోయడమే ఉత్తమం.

మ్యాప్‌షేపర్‌లో: ఈ టూల్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫైల్ మీ కంప్యూటర్ దాటి పోదు. షేప్‌ఫైల్ అయితే భాగాలన్నీ ఒక జిప్‌లో పెట్టి లాగి వదలండి. ఒకేలా ఉన్న ఉమ్మడి హద్దులను తనే ఒక గీతగా గుర్తిస్తుంది. సింప్లిఫై నొక్కాక ‘ప్రివెంట్ షేప్ రిమూవల్’ తప్పక టిక్ చేయండి. గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో ఉన్న గుర్రంగడ్డ లాంటి లంక పెద్ద టాలరెన్స్‌కు మాయమయ్యే రకం.

స్లయిడర్ జరిపాక ‘లైన్ ఇంటర్‌సెక్షన్స్’ అని అంకె కనిపిస్తే ‘రిపేర్’ నొక్కండి. స్లయిడర్ చూపే శాతం మాత్రం మోసం చేస్తుంది. 10 శాతం అంటే తీయదగ్గ బిందువుల్లో పదో వంతు ఉంచడం. ఒక జిల్లాను దట్టంగా, ఇంకోదాన్ని పలచగా గీసి ఉంటే రెండింటికీ 10 శాతం ఒకటే కాదు. విడివిడి ఫైళ్లను ఒకే శాతంతో కోసి పక్కపక్కన పెట్టడం సందులకు రాచబాట.

క్యూజీఐఎస్ పాతదైతే గ్రాస్ అనే ఇంకో మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోని వి.జనరలైజ్ ఉంది. అదీ ఉమ్మడి హద్దును ఒకే గీతగా చూస్తుంది.

వాడకూడనివి: వెక్టర్ మెనూలోని మామూలు ‘సింప్లిఫై’. పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాప్ డేటాబేస్‌లో ‘సింప్లిఫై ప్రిజర్వ్ టోపాలజీ’. దీని పేరు చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. అది కాపాడేది ఒక్కో పాలిగన్ ఆకారాన్నే, పొరుగు హద్దును కాదు. పోస్ట్‌జీఐఎస్ 3.4 నుంచి ‘కవరేజ్ సింప్లిఫై’ ఉంది. దానికి జియాస్ (అది లోపల వాడే లైబ్రరీ) 3.12 కావాలి. వాడితే అదే వాడండి.

## 7. తనిఖీ

- గ్రామాల సంఖ్య ముందు రాసుకున్నదే ఉందా? ఒక్కటి తగ్గినా ఏదో లంకో, చిన్న శివారో పోయింది.
- అన్నీ డిసాల్వ్ చేయండి. లోపల రంధ్రాలు కనిపిస్తే అవి సందులు.
- విడి విస్తీర్ణాల కూడిక, డిసాల్వ్ విస్తీర్ణం సమానమా? కూడిక ఎక్కువైతే ఆ తేడా ఓవర్‌ల్యాప్.
- ఊరి వారీగా పాత, కొత్త విస్తీర్ణం పోల్చండి. 2 శాతం దాటి మారిన ఊళ్లను తెరిచి చూడండి.
- ఊరి బిందువుల లేయర్ ఉంటే, ప్రతి బిందువూ తన ఊరి పాలిగన్‌లోనే పడుతోందా?

రెండో అంశం, మూడో అంశం రెండూ చేయాలి. కూడిక సరిపోయిందని రంధ్రాలు చూడటం మానేస్తే సందు దొరకదు.

## 8. సందులా కనిపించేవి, సందు కానివి

తనిఖీ అంతా సరిగ్గా ఉన్నా తెర మీద తెల్లటి వెంట్రుక గీతలు కనిపిస్తాయి. ఫైల్‌ను మళ్లీ కెలకడానికి ముందు ఈ రెండూ చూడండి.

క్యూజీఐఎస్ వేగం కోసం తెర మీద చూపేటప్పుడు తనే సింప్లిఫై చేస్తుంది, అదీ ఒక్కో పాలిగన్‌ను విడిగా. లేయర్ ప్రాపర్టీస్, రెండరింగ్‌లోకి వెళ్లి ‘సింప్లిఫై జామెట్రీ’ టిక్ తీసేయండి. గీత పోతే ఫైల్‌లో తప్పేం లేదు.

వెబ్ మ్యాప్‌లో అయితే పాలిగన్ అంచులను బ్రౌజర్ నునుపు చేసేటప్పుడు కింది రంగు సన్నగా తొంగిచూస్తుంది. పాలిగన్ లోపలి రంగుతోనే 0.5 పిక్సెల్ అంచు గీత వేస్తే సరిపోతుంది.

## 9. దాచేటప్పుడు

వెబ్ మ్యాప్ కోసం డిగ్రీల్లోకి తిరిగి మార్చి జియోజేసన్ అనే ఫైల్ రకంగా దాచేటప్పుడు దశాంశాలు 5 చాలు, అంటే సుమారు 1.1 మీటర్లు. ఉమ్మడి బిందువులు రెండువైపులా ఒకే అంకెకు సర్దుకుంటాయి కాబట్టి దీనివల్ల సందు రాదు. 3 దశాంశాలకు కుదిస్తే మాత్రం ఒక్కో అడుగు 100 మీటర్లు దాటుతుంది, సన్నటి వాగులు తమను తామే కోసుకుంటాయి.

టోపోజేసన్ అయితే ఉమ్మడి గెట్టును ఒక్కసారే రాస్తుంది, ఫైల్ ఇంకా తగ్గుతుంది. మీ వెబ్ మ్యాప్ లైబ్రరీ దాన్ని చదవగలిగితే అదే పంపండి.

అసలు ఫైల్, 5వ దశ దాటిన ఫైల్, సింప్లిఫై అయిన ఫైల్ మూడూ విడిగా ఉంచండి. రేపు ఎవరైనా జూమ్ 12 మ్యాప్ అడిగితే 5వ దశ ఫైల్ తెరిచి, టాలరెన్స్ 18 పెట్టి, 6వ దశ నుంచి మొదలుపెడితే చాలు. 70 మీటర్లకు కోసినదాన్ని మళ్లీ సన్నంగా చేయలేరు.